మూషిక ఋణము

గత వర్షాకాలమున ఒకనాటి సాయంత్రము, బడి వదలిన పిమ్మట, ఒక తండ్రి నా యొద్దకు వచ్చి, మడతలు పెట్టి జేబులో దాచుకొన్న వార్తాపత్రిక ముక్క నొకదానిని నా చేతికిచ్చెను. ఆయన మా వాడరేవున పడవమీద వేటకు పోవువాడు. కుమారుడు మా బడిలో ఆరవ తరగతి చదువుచున్నాడు. ఆ బాలుడు ఎవరి ముఖమును తిన్నగా చూడడు. పిలిచిన పలుకడు. కాని విజయవాడ మొదలు గూడూరు వరకు గల రైలు స్టేషన్లన్నియు వరుస తప్పక చెప్పును. వెనుకనుండి ముందునకును చెప్పును. బడి గంట మ్రోగినంతనే రెండు చెవులు మూసికొని బల్ల క్రిందికి దూరును. మొదటి మూడు మాసములు నేను దానిని మొండితనమని తలచి అతనిని వరండాలో నిలబెట్టితిని. ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గుగానే ఉన్నది. ఇన్నేండ్లు బోధించినవాడను, ఒక పిల్లవాని భయమును గుర్తింపలేకపోతిని. తరువాత తల్లిదండ్రులు అతనిని సికిందరాబాదునకు తీసికొనిపోయి పరీక్ష చేయించిరి. ఆటిజం అని తేలెను.

ఆ పత్రిక ముక్కలోని వార్త ఏమనగా, శాస్త్రజ్ఞులు ఎలుకల జన్యువులను మార్చి వానియందు ఆటిజం వంటి లక్షణములను పుట్టించిరనియు, పిమ్మట వానికొక మందు పెట్టగా గుణము కనిపించెననియు. తండ్రి అడిగిన మొదటి ప్రశ్న మీరు ఊహింపగలిగినదే. "ఆ మందు మా వాడికి దొరుకుద్దా మాస్టారూ?" నాకు తెలియదని చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి రెండవ ప్రశ్న వేసెను. "బాగుపడ్డ ఎలకల్ని ఆ తర్వాత ఏం చేస్తారండీ?"

నేను తెలుగు పండితుడనే కాని శాస్త్రము చదివినవాడను కాను. అయినను ఆ రెండవ ప్రశ్న నన్ను విడువలేదు. పడవ నడుపువాని ప్రశ్న గదా యని త్రోసివేయుటకు మనకు హక్కు లేదు. కల్యాణ పట్టణమున శరణుల నడుమ కూర్చుండి మాటాడిన అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడే. అందుచేత మా బడి సైన్సు మాస్టారి సాయముతో కొన్ని మాసములు చదివి, నాకు తెలిసినంతవరకు శరణ బంధువుల ముందుంచుచున్నాను.

మొదట ఆ పేరును గూర్చి ఒక మాట. ఆటిజమునకు కొందరు "స్వలీనత" యని తెలుగు చేసిరి. శబ్దము చక్కగానే ఉన్నది, అర్థమే ప్రక్కదారి పట్టించును. మా బాలుడు తనలో తాను లీనమై కూర్చుండలేదు. మన శబ్దములు, మన వెలుగులు, మన గుంపులు ఒక్కుమ్మడిగా తనమీద పడుచుండగా వానినుండి తప్పించుకొనజూచుచున్నాడు. ఇది పెంపకములోని లోపము వలన వచ్చినది కాదు. పుట్టుకతోనే మెదడు అల్లిక వేరు తీరున సాగుట వలన కలుగును. దీనికి సంబంధించిన జన్యువులు ఒకటి రెండు గావు, వందలున్నవి. మన ప్రభుత్వము 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమునందును, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమునందును దీనికి చోటిచ్చినది. మనదేశమున దీనిని కొలుచుటకు వాడు కొలమానమును రూపొందించినది సికిందరాబాదు మనోవికాస నగరమునందలి జాతీయ సంస్థయే.

ఇక ఎలుక సంగతి. మనిషికి మారుగా ఎలుకను పరీక్షకు నిలబెట్టుట మనకు క్రొత్త కాదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యునిచే ప్రారంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ మెక్‌కారిసన్ 1920 దశకమున ఒక చిత్రమైన పని చేసెను. దేశమునందలి వేరువేరు ప్రాంతముల వారు తిను భోజనములనే వేరువేరు ఎలుకల గుంపులకు పెట్టి చూచెను. సిక్కుల గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు తిన్న ఎలుకలు సగటున 235 గ్రాములు తూగినవి. మదరాసు వారి వరియన్నపు భోజనము తిన్నవి 155 గ్రాములే తూగి అన్నిటికంటె వెనుకబడినవి. ఆనాడు మన గుంటూరు జిల్లాయు మదరాసు రాష్ట్రములోనిదే యని పాఠకులు మరువరాదు. మరియొక పరీక్షలో ఆయన ఇంగ్లండునందలి బీదవారి తిండి, అనగా తెల్లరొట్టె, మార్గరిన్, పంచదార వేసిన టీ, డబ్బాలో వచ్చు మాంసము మొదలగునవి ఎలుకలకు పెట్టెను. అవి గిడసబారిపోవుటయే గాక చిరాకుపడి తమను సాకువారినే కరచినవి. అరువదవ దినము వచ్చుసరికి వానిలో బలహీనమైన వానిని మిగిలినవి చంపి తినసాగినవి. నడవడి యనునది కంచమునుండి కూడ పుట్టునని ఆ ఎలుకలు చూపించినవి.

ఆ ఎలుకల కష్టమును తక్కువ చేయుట లేదు. కాని అవి సలక్షణముగా పుట్టినవి. కంచము మార్చిన వాని బ్రతుకు మారెడిది. అదే హైదరాబాదు సంస్థలో 1996లో విపరీతమైన స్థూలకాయముతో ఒక ఎలుకజాతి బయటపడెను. ఎంత తిన్నను ఆకలి తీరదు, సంతానము కలుగదు. దానిని ఎవరును కోరి పుట్టించలేదు. జన్యువులో దానంతట అదే వచ్చిన మార్పును శాస్త్రజ్ఞులు గుర్తించి, ఆ వంశమును నిలిపి, పరిశోధించిరి.

ఇప్పుడు మనము చెప్పుకొనునది వీని రెంటికంటె వేరు. ఒక జన్యువును కోరి నిర్వీర్యము చేసిన చిట్టెలుకలు 1989లో పుట్టినవి. ఆ విద్యకు పునాది వేసిన ముగ్గురికి 2007లో నోబెల్ బహుమానము వచ్చినది. పెద్ద ఎలుకలో ఈ పని చాలకాలము సాధ్యపడలేదు, 2009లో సాధించిరి. విధానము ఇది. ఫలదీకరణము చెందిన అండములోనికి సూక్ష్మమైన కత్తెర వంటి పదార్థమును పంపుదురు. అది వెదకి వెదకి ఒక్క జన్యువునే కత్తిరించును. ఆ అండమును తల్లి ఎలుక గర్భమున ఉంచుదురు. పుట్టిన పిల్లలలో కొన్నిటికి ఆ జన్యువు మూగబోయి యుండును. అటుపిమ్మట వాని సంతతి అంతయు అట్లే పుట్టునట్లు చేయుదురు.

ఏ జన్యువును మూగబుచ్చుదురు? ఫ్రాజైల్ ఎక్స్ అను ఒక జన్మలక్షణము కలదు. దానికి కారణమైన జన్యువును 1991లో కనుగొనిరి. ఒక్క జన్యువు వలననే ఆటిజము వచ్చు సందర్భములలో ఇదియే ఎక్కువగా కనిపించును. అయినను ఆటిజము గల వారందరిలో వీరు కొద్దిమందియే. చిట్టెలుకలోని ఆ జన్యువును 1994లోనే తొలగించిరి. పెద్ద ఎలుక కొరకు ఏల ఆరాటపడిరనగా, అది తోటివానితో ఎక్కువ ఆడుకొనును, ఎక్కువ నేర్చుకొనును, క్రొత్త వస్తువును చూచి కుతూహలపడును. ఒక్కమాటలో, మనకు కొంచెము దగ్గర.

మనకు దగ్గరగా ఈ పని జరుగుచున్న చోటు బెంగుళూరు. అచ్చటి ఇన్‌స్టెమ్ అను కేంద్రప్రభుత్వ సంస్థలో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయముతో కలిసి మెదడు వికాసమును గూర్చిన పరిశోధన కేంద్రమొకటి ఏర్పడినది. ఈ ఉభయ దేశముల శాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించిన పరిశోధనయందు, ఫ్రాజైల్ ఎక్స్ జన్యువు లేని ఎలుకలు ఏ వస్తువును ఏ చోట చూచితిమో జ్ఞాపకముంచుకొనలేకపోయినవి. పిల్లప్రాయమున ఐదు వారములు లోవాస్టాటిన్ అను మందును, రక్తములో కొవ్వు తగ్గుటకు మన పెద్దవారు వేసికొనునట్టి దానినే, తిండిలో కలిపి పెట్టగా ఆ జ్ఞాపకము వచ్చినది. మందు మానిన మూడు నెలల తరువాతను నిలిచియున్నది. ఇది చిన్న సంగతి కాదు. మెదడు ఎదుగుచుండు కాలమున కొంచెము చేయూతనిచ్చిన చాలకాలము నిలుచునని తెలిసినది.

తండ్రి రెండవ ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే ఉన్నది. ఇట్టి పరిశోధనలలో పరీక్ష ముగిసిన ఎలుకలను చాలవరకు నొప్పి తెలియని రీతిని చంపి, మెదడును పలుచని పొరలుగా కోసి చూతురు. బాగుపడిన దానిని కూడ. బాగుపడుట ఏ నరముల సంధిలో జరిగినదో తెలిసికొనవలెనన్న వేరుదారి చాలచోట్ల లేదు.

భాషను నమ్ముకొని బ్రతుకువాడను కనుక నాకొక విషయము తోచినది. ఇంగ్లీషు శాస్త్రవ్యాసములలో చాలచోట్ల ఎలుకను చంపిరి అని వ్రాయరు. "సాక్రిఫైస్" చేసిరి అని వ్రాయుదురు. అనగా బలి. ప్రయోగశాలకు యజ్ఞశాలతో ఏమి పని యని మొదట నవ్వు వచ్చెను. తరువాత నవ్వు రాలేదు. చంపుటను చంపుట యన్నచో, ఎందుకు చంపితివని ఎవరైనను అడుగవచ్చును. బలి యన్నచో ఆ కారణము మాటలోనే ఇమిడిపోయి ప్రశ్నకు తావుండదు. పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు ఎదిరించినది ఈ మాటనే గదా. దయను ధర్మమునకు వేరుగా నిలిపిన ఆ మహానుభావుడు యజ్ఞపశువు పక్షమున నిలిచి మాటాడెను. ఎవని పుణ్యమో, ఎవని ప్రాణమో యను లెక్కను ఆయన ఒప్పుకొనలేదు.

కాని నేను ఇచ్చటనే ఆగినచో అది చౌకబారు దయ యగును. మన పొలములలో ఏమి చేయుచున్నాము? వరికోతల కాలమున యానాది సోదరులు గట్టుమీది కన్నములకు కుండతో పొగబెట్టి ఎలుకలను పట్టుట మన డెల్టాలో అందరు చూచినదే. జింకు ఫాస్ఫైడు కలిపిన నూకల ముద్దలను మనమే పెట్టించుచున్నాము. ఆ విషము తిన్న ఎలుక చావు ప్రయోగశాలలోని చావు కంటె మెత్తనిదేమియు కాదు. వినాయకచవితినాడు దానికి పూజ, మరునాడు మందు. ధాన్యపు గింజకై ఇంత చేసినవారము, పిల్లవాని బ్రతుకునకై చేయువారిని నిందించుట ఏపాటి న్యాయము? నన్ను ఈ మాట అడిగినవారు మా ఇంటనే ఉన్నారు. "ఆ పిల్లవాడు మన మనుమడైతే నువ్వీ వ్యాసం వ్రాసేవాడివా అన్నయ్యా?" అని మా చెల్లెలు అడిగెను. వ్రాయగలిగెడివాడనో లేదో చెప్పలేను.

ఒకనాడు ఒడ్డున వలలు సర్దుకొనుచుండగా ఆ తండ్రి యొద్ద ఈ పొలము ఎలుకల సంగతి తెచ్చితిని. చేపలు పట్టి జీవించువాడు ఆయన. ప్రాణము తీయుట యననేమో నాకంటె ఆయనకు తెలియును. ఆయన చెప్పినది ఇది. "చేపని సముద్రం పుట్టించింది, మేం పట్టుకుంటన్నాం. పొలంలో ఎలకని ఎవరూ పుట్టించలేదు. దీన్ని మాత్రం వాళ్ళే అట్టా పుట్టించారు గదండీ."

నాకు తెలియక వెదకుచున్న భేదము ఇదియే. పొలమునందలి ఎలుకకును మనకును గల సంబంధము పోటీ. అది తన బ్రతుకు తాను బ్రతికినది, మనము అడ్డుపడితిమి. ప్రయోగశాలలోని ఈ ఎలుకకు మనము శత్రువులము గాము. అది పుట్టకముందే అండమున చేయి పెట్టి, ఈ లోపముతోనే పుట్టుమని నిర్ణయించినవారము. చంపినవానికి పాపమో కాదో పండితులు తర్కించుకొందురు గాక. లోపమును వ్రాసి పుట్టించినవాడు మాత్రము ఆ ప్రాణికి సాకువాని స్థానమున, ఒకవిధముగా తండ్రి స్థానమున నిలిచినాడు. అందుండి తప్పించుకొను దారి లేదు. నేను ఋణమనుచున్నది దీనినే.

ఋణము ఎంత పెద్దదో తెలిసికొనుటకు ఆ ఎలుక ఎట్టిదో తెలియవలయును. 2011లో షికాగో విశ్వవిద్యాలయమున ఒక ఎలుకను ఇరుకైన గొట్టములో బంధించి, దాని జతగత్తెను బయట విడిచిరి. బయటనున్నది కొన్నాళ్లలో తలుపు తీయుట తానే నేర్చుకొని లోపలిదానిని విడిపించెను. ప్రక్కనే చాకొలెట్ పెట్టిన వేరొక గొట్టమును ఉంచినను, తోటిదానిని విడిపించుటయే గాక, చాలమారులు ఆ చాకొలెట్‌ను దానితో పంచుకొనెను. ఎలుక మనవంటిది కాకున్నచో ఆటిజమునకు దానిని పరీక్షించుట వ్యర్థము. మనవంటిదే యగునేని, అది కేవలము ఎలుకయే గదా యని చెప్పి ఊరకుండు వీలులేదు. ఈ పరిశోధన మొత్తము ఈ ఇరుకు సందులోనే నడుచుచున్నది. చాలమంది శాస్త్రజ్ఞులకు ఇది తెలియునని నా నమ్మకము.

చట్టము కొంత చేసినది. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల వలన 1960లో జంతుహింస నివారణ చట్టము వచ్చినది. విజ్ఞానమునకై చేయు పరీక్షలను అది నిషేధింపలేదు. పైన ఒక సంఘమును పెట్టినది. 1998 నాటి నియమముల ప్రకారము ప్రతి సంస్థలోను నీతిసంఘము ఉండవలయును, అందులో బయటివారును ఉండవలయును. వేరుదారి యున్నచో ప్రాణిని వాడరాదు, వాడినను తక్కువ సంఖ్యలో వాడవలయును, బాధను తగ్గింపవలయును అను మూడు సూత్రములను ఇద్దరు ఆంగ్లేయులు 1959లో చెప్పియుండగా, మనదేశపు సంఘము నాల్గవదానిని చేర్చినది: పరీక్ష తరువాత ప్రాణికి పునరావాసము. నాల్గవది మనది యగుట నాకు సంతోషము. కాని అదే 1960 చట్టములో ఒక వాక్యమున్నది. చిన్న జంతువులతో పని జరుగునపుడు పెద్ద జంతువులను వాడరాదని చెప్పుచు, ఆ చిన్న జంతువుల జాబితాలో గినీపందులను, కుందేళ్లను, కప్పలను, ఎలుకలను పేరుపెట్టి చేర్చిరి. బరువును ఎవరిమీదికి దించవలయునో చట్టమే చూపించినది.

ఇక మొదటి ప్రశ్న, మందు సంగతి. ఎలుకలలో అంత గుణము చూపిన లోవాస్టాటిన్‌ను అమెరికాలో ఫ్రాజైల్ ఎక్స్ గల 10 నుండి 17 ఏండ్ల పిల్లలకు ఇచ్చి చూచిరి. ఫలితము 2020లో వెలువడినది. పిల్లలందరి తల్లిదండ్రులకు పిల్లలతో ఎట్లు మాటాడవలయునో శిక్షణ యిచ్చి, సగము మందికి మందును, సగము మందికి ఉత్తిమాత్రను ఇచ్చిరి. రెండు గుంపుల పిల్లలును మాటలో మెరుగుపడిరి. మందు వేసికొన్నవారు ఉత్తిమాత్ర వేసికొన్నవారికంటె ఎక్కువ మెరుగుపడలేదు. ఎలుకలకు పసితనమున ఇచ్చిరి, పిల్లలకు పెద్దయిన తరువాత ఇచ్చిరి, కనుక ఇంతటితో తీర్పు ముగిసినదనుట న్యాయము కాదు. చిట్టెలుకలలో మంచి ఫలితము చూపిన మావోగ్లూరాంట్ అను మరొక మందు కూడ ఫ్రాజైల్ ఎక్స్ రోగులలో పనిచేయలేదని 2014లో దానిని ఆ ప్రయత్నమునుండి విరమించిరి.

నా అభిప్రాయము ఇది. ఒక్క జన్యువు వలన నరముల సంధిలో ఏమి జరుగునో, ఏ వయసున చేయూతనిచ్చిన ఫలించునో తెలిసికొనుటకు ఈ ఎలుకలు అవసరమే కావచ్చును. అట్టి పరిశోధనను నేను నిషేధింపుమనను. కాని తండ్రిస్థానమున నిలిచినవాడు ఒక్క ఎలుకను కూడ అనవసరముగా పుట్టింపరాదు. ఫలింపని పరీక్షను సొరుగులో దాచరాదు; దాచినచో మరొక దేశమున మరికొన్ని ఎలుకలు అదే లోపముతో పుట్టి అదే పరీక్షలో చచ్చును. ఎలుక వలన తెలిసినదానిని మనిషికి తెలిసినట్లుగా పత్రికలకు చెప్పరాదు. వాడరేవులో ఒక తండ్రి ఆ ముక్కను కత్తిరించి జేబులో పెట్టుకొనును.

"ఆటిజం ఎలుక" యను మాట కూడ నాకు గిట్టలేదు. అట్టి ఎలుక లేదు. ఒక జన్యువు లేని ఎలుక యున్నది. అది తోటిదాని యొద్దకు పోక మూల కూర్చున్నచో, మాటిమాటికి తన ఒడలు దువ్వుకొన్నచో, మనము గడియారము పట్టుకొని లెక్కించి దానికి ఆ పేరు పెట్టుచున్నాము. పేరు పెట్టుటతో పోదు. ఎలుకలో దానిని లోపముగా వ్రాసినందున పిల్లవానిలో కూడ లోపముగానే చదువుదుము. మా బాలుడు రైలు స్టేషన్లు వల్లించుట ఏ పట్టికలో వేయుదురో? ఒడలు దువ్వుకొనుట వలె అదియు "పునరావృత చేష్ట" యట.

ఆ జన్యువు లేని చిట్టెలుకలు పెద్ద శబ్దము విన్నపుడు మూర్ఛ వచ్చి పడిపోవునని చదివితిని. చదివిననాడు మా బడి గంట జ్ఞాపకము వచ్చెను. ఆ సంగతి తెలియుటకు నాకు ఎలుక అక్కర లేకుండెను. బల్ల క్రింద చెవులు మూసికొని కూర్చున్న పిల్లవాడు మూడు మాసములు నా కన్నుల యెదుటనే ఉండెను.

ఆ తండ్రికి రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పితిని. మందు లేదని చెప్పితిని, ఎలుకలను చంపుదురని చెప్పితిని. తల్లిదండ్రుల మాట వలన పిల్లలు మెరుగుపడిన సంగతియు చెప్పితిని. ఆయన ఏమియు అనలేదు. పత్రిక ముక్కను పారవేయలేదు, మరల మడిచి జేబులో పెట్టుకొనెను.

మా బడిలో ఇప్పుడు గంటను ఇనుప కడ్డీతో గాక, గుడ్డ చుట్టిన కొయ్య సుత్తితో కొట్టించుచున్నాము. దూరపు తరగతులకు వినబడుట లేదని ఇద్దరు ఉపాధ్యాయులు విసుగుకొనుచున్నారు. బాలుడు ఇప్పటికిని చెవులు మూసికొనును, బల్ల క్రిందికి మాత్రము పోవుట లేదు. మొన్న నేను కావలెనని, విజయవాడనుండి పోవునపుడు చీరాల తరువాత బాపట్ల వచ్చునంటిని. నా ముఖము వంక చూడకయే దిద్దెను. "బాపట్ల ఎప్పుడో దాటిపోయింది సార్."